సెప్టిక్ ట్యాంక్ ఖాళీ చేయించేటప్పుడు మనిషిని దించకండి, ఏ రకంగానూ

సెప్టిక్ బండికి ఫోన్ చేసిన ఇంటి యజమాని సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతాడు. మొదటిది "ఎంత తీసుకుంటారు?" రెండోది "అడుగు కనబడేదాకా తీస్తారు కదా?" మొదటి ప్రశ్నతో ఎవరికీ నష్టం లేదు. రెండోది మాత్రం మనుషుల ప్రాణాలు తీస్తుంది. పైపు లాగలేని గట్టి మడ్డి అడుగున కొంత మిగులుతుంది. అది కూడా పోవాలని యజమాని పట్టుబడితే బండివాడు ఒక కుర్రాడిని నిచ్చెన మీద లోపలికి పంపుతాడు. ఈ పని చేసేవాడంటే లోకువ కాబట్టి పంపమని అడగడానికి మనకు నోరొస్తుంది, కాదనడానికి అతనికి నోరు రాదు.

నిజానికి అడుగు కనబడాల్సిన అవసరమే లేదు. అదెందుకో తెలియాలంటే ట్యాంకు లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి.

లోపల ఉండేది మూడు పొరలు

మరుగుదొడ్డి నుంచి వచ్చిన నీళ్లు ట్యాంకులో ఒకటి రెండు రోజులు నిలుస్తాయి. బరువైనది కిందికి దిగి మడ్డి అవుతుంది. నూనె, జిడ్డు, తేలికైన చెత్త పైకి తేలి తెట్టు కడుతుంది. మధ్యలో మురికి నీరు ఉంటుంది. ఆ మధ్య పొర మాత్రమే ట్యాంకులోనే ఉండే రెండో గదిలోకి, అక్కడి నుంచి ఇంకుడు గుంతలోకి వెళ్లాలి. మడ్డిలో గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు ఉంటాయి. మలాన్ని కుళ్లబెట్టి తగ్గించేది అవే. ఖాళీ చేశాక అంగుళమో రెండంగుళాలో మడ్డి మిగిలిందంటే అది పని సగంలో వదిలేసినట్టు కాదు. కొత్తగా వచ్చేదానికి అది తోడు. పాలు తోడుపెట్టడానికి గిన్నెలో చెంచాడు పెరుగు మిగుల్చుకున్నట్టు.

కాబట్టి బండివాళ్లతో చెప్పాల్సిన మొదటి మాట ఇది: "పైపుకు వచ్చినంత తీయండి చాలు. ఎవరూ లోపలికి దిగొద్దు." ఫోన్‌లోనే చెప్పండి, వాళ్లు వచ్చాక మళ్లీ చెప్పండి. డ్రైవర్‌కు చెప్పి ఊరుకోకుండా పైపు పట్టుకునే మనిషికి కూడా ముఖం చూసి చెప్పండి.

నిండిందో లేదో తెలుసుకోవడం

ఇంటి ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. మన దగ్గర చాలామంది పదేళ్లు, పదిహేనేళ్లు పట్టించుకోరు. అప్పటికి మడ్డి గట్టిపడి ఇటుకలా అవుతుంది, పైపుకు రాదు, మనిషిని దించాలన్న మాట వస్తుంది. వేళకు తీయించడమే మనిషిని దించకుండా ఉండడానికి సగం ఉపాయం.

కొలవడం కష్టమేమీ కాదు. ఎనిమిదడుగుల వెదురు కర్ర గానీ పీవీసీ గొట్టం గానీ తీసుకుని, కింది మూడడుగులకు పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి తాడుతో కట్టండి. మూత తీసి కాసేపు ఆగి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, కర్రను నెమ్మదిగా అడుగు దాకా దించండి. రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచి, అంతే నెమ్మదిగా పైకి తీయండి. తువ్వాలు మీద నల్లగా చిక్కగా అంటుకున్నంత మేర మడ్డి, దాని పైన బూడిద రంగు మరక నీళ్లది. ట్యాంకులో నీటి లోతుకు మడ్డి మూడో వంతు దాటితే ఫోన్ చేయాల్సిన సమయం వచ్చినట్టే. ఈ పని వంగి, తల లోపలికి పెట్టి చేయకూడదు. బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల దగ్గర్లో ఉండకూడదు.

వానాకాలంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. బాత్‌రూమ్‌లో నీళ్లు పోవడం లేదని, కమోడ్ గుడగుడమంటోందని బండిని పిలుస్తారు. ఖాళీ చేశాక నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. అది ట్యాంకు నిండడం కాదు, ఇంకుడు గుంత చుట్టూ నేల నీళ్లతో నిండిపోయి ఇంకడం ఆగిపోవడం. కోనసీమలోనూ కృష్ణా డెల్టాలోనూ భూగర్భ జలం పైనే ఉండే చోట్ల ఇది మామూలే. పైగా నీరు పైకి ఉన్న రోజుల్లో ప్లాస్టిక్ ట్యాంకును మొత్తం ఖాళీ చేస్తే అది పడవలా పైకి తేలి పైపులు విరగ్గొడుతుంది. అలాంటి చోట వేసవిలోనే తీయించాలి, తీసిన గంటలోనే మంచినీళ్లు సగం దాకా పోయాలి.

సిమెంటు వరలు దింపి కట్టిన గుంతల్ని కూడా చాలా ఊళ్లలో సెప్టిక్ ట్యాంకు అనే అంటారు. వాటికి అడుగు ఉండదు. ఇసుక నేలలో, నీటి మట్టం పైకి ఉన్నప్పుడు వాటిని ఒక్కసారిగా ఖాళీ చేస్తే చుట్టూ నేల తోసుకొచ్చి వరలు జరుగుతాయి. రెండు గుంతల మరుగుదొడ్డి ఉంటే బండితో పనే లేదు. నిండిన గుంతకు దారి మూసి రెండో గుంతకు మళ్లించి, మొదటిదాన్ని ఏడాదిన్నర నుంచి రెండేళ్లు కదపకుండా వదిలేస్తే వాసన లేని ఎరువు అవుతుంది. దాన్ని పారతో పొలంలోకి ఎత్తుకోవచ్చు.

ఎన్ని ట్రిప్పులు పడుతుందో ముందే లెక్కేయండి

ట్రిప్పుల దగ్గరే గొడవలు మొదలవుతాయి, ఆ గొడవల్లోనే మర్యాదలు పోతాయి. పొడవు, వెడల్పు, నీటి లోతు అడుగుల్లో గుణించి 28.3తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల నీటి లోతు ఉన్న ట్యాంకులో 300 ఘనపుటడుగులు, అంటే దాదాపు 8,500 లీటర్లు. ఊళ్లలో తిరిగే బండ్లు మామూలుగా 3,000 నుంచి 5,000 లీటర్లవి. 4,000 లీటర్ల బండి అయితే రెండు నిండు ట్రిప్పులు, మూడోదాంట్లో కొంచెం. "మూడో ట్రిప్పుకు ఎంత?" అని ముందే మాట్లాడుకుంటే ట్యాంకు పక్కన నిలబడి అరుచుకోవాల్సిన పని ఉండదు.

నలుగురైదుగురున్న ఇంటికి ఇంత పెద్ద ట్యాంకు అక్కర్లేదు కూడా. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఐదుగురికి ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు సరిపోతుంది, దాని పైన 30 సెంటీమీటర్ల ఖాళీ ఉంచితే చాలు. మనవాళ్లు మాత్రం "పెద్దది కడితే జీవితాంతం చూడక్కర్లేదు" అని గదంత ట్యాంకు కట్టి, పైన టైల్స్ పరిచి, కారు పెట్టేస్తారు. ఎప్పటికీ చూడక్కర్లేనిది ఏదీ ఉండదు. చివరికి ఎవడో ఒకడు గడ్డపారతో టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది, "పగలగొట్టావేంట్రా" అని తిట్లు తినేదీ వాడే.

కొత్తగా కట్టేవాళ్లు తాపీ మేస్త్రికి మూడు మాటలు చెప్పండి. ప్రతి గదికీ ఒక మూత ఉండాలి, మూతకు లాగడానికి ఇనుప రింగులు ఉండాలి, కనీసం 50 మిల్లీమీటర్ల గాలి గొట్టం ఇంటి పైకప్పు దాటి వెళ్లి దాని కొనకు దోమల జాలీ ఉండాలి. ఇంకుడు గుంతకూ మంచినీటి బావికీ మధ్య 18 మీటర్ల దూరం ఉండాలన్నది కూడా అదే ప్రమాణంలోని మాట.

ఎవరిని పిలవాలి, ఏం అడగాలి

స్తంభాల మీద, గోడల మీద రాసిన నంబర్లు చాలా ఉంటాయి. ముందు మున్సిపాలిటీని అడగండి, లైసెన్స్ ఉన్న బండ్ల జాబితా అక్కడ దొరుకుతుంది. పట్టణాల్లో సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ శుభ్రత కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14420 ఉంది. హైదరాబాద్‌లో జలమండలి నంబరు 155313. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే ఈ పనికి నియమాలు పెట్టింది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లో చాలా పట్టణాలకు మలవ్యర్థాల శుద్ధి కేంద్రాలు వచ్చాయి.

ఫోన్‌లో మీరు చెప్పాల్సినవి: ట్యాంకు కొలతలు, ఎన్నేళ్ల కిందట తీశారు, మూతలు ఎన్ని, బండి నిలిచే చోటి నుంచి ట్యాంకుకు ఎన్ని అడుగులు, వీధి వెడల్పు. మీరు అడగాల్సినవి మరో నాలుగు. పైపు ఎన్ని అడుగులుంది? ఎంతమంది వస్తారు? గ్లౌజులు, గమ్‌బూట్లు ఉన్నాయా? తీసింది ఎక్కడ పోస్తారు? చివరి ప్రశ్నకు శుద్ధి కేంద్రం పేరు చెప్తే మంచి బండి. "అదంతా మీకెందుకు సార్" అంటే అది ఊరి చివర చెరువులోనో కాలవలోనో పోతుందని అర్థం. "గట్టిగా ఉంటే మావాడు దిగి తోడేస్తాడు, దానికి వేరే ఇవ్వాలి" అన్నారా, ఫోన్ పెట్టేయండి.

లోతు గురించి కూడా చూసుకోండి. పంపు ఎంత పెద్దదైనా గాలి పీడనం నీటిని సుమారు 10 మీటర్లకు మించి ఎత్తలేదు. చిక్కటి మడ్డి అయితే అందులో సగానికే ఆయాసపడుతుంది. ఇంటి వెనక పల్లంలో ట్యాంకు, ముందు మెరక మీద రోడ్డు ఉంటే ఈ సంగతి ఫోన్‌లోనే చెప్పాలి.

బండి వచ్చిన రోజు

బండి రాకముందే మూతలు ఎక్కడున్నాయో వెతికి, పైన మట్టి ఉంటే తీసి ఉంచండి. మంచినీటి సంపు మూత గట్టిగా బిగించండి, దాని మీదుగా మురికి పైపు పోకుండా దారి చూపించండి. ఇంట్లో వాళ్లు ఆ గంటన్నర నీళ్లు వాడకుండా ఉంటే మేలు. రెండు మూతలూ తీసి అరగంట వదిలేయాలి. ఇలా వదలడం పైపు దించడానికి మాత్రమే. "అరగంట తెరిచి పెట్టాం కదా, ఇంక గ్యాస్ లేదు, దిగొచ్చు" అనుకోవడం వల్లే చాలా చావులు జరిగాయి.

పని ఇలా సాగాలి. ముందు పైపును తెట్టు కిందికి, నీటి పొరలోకి దించి కొంత తీస్తారు. తర్వాత పొడవాటి కర్రతో పై నుంచే తెట్టును పగలగొట్టి మడ్డిని కలుపుతారు. బండిలోకి తీసిన నీళ్లనే కొంత వెనక్కి ట్యాంకులోకి వదిలి, ఆ ఊపుతో అడుగును కదిలించి మళ్లీ లాగుతారు. గట్టి మడ్డికి ఇదే మందు. రెండు మూడు వందల లీటర్లు పోయడం, కలపడం, లాగడం, మళ్లీ పోయడం. నాలుగైదు సార్లు చేస్తే ఇటుకలా ఉన్నదీ జారుతుంది. దీనికి అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంటకు డబ్బులు ఎక్కువ ఇస్తామని ముందే చెప్పండి, ఎందుకంటే ఆ సమయం మిగుల్చుకోవడానికే మనిషిని దించుతారు. మొదటి గది అయ్యాక రెండో గదీ తీయాలి. చాలామంది దాన్ని మరచిపోతారు. అక్కడ పేరుకున్నది ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది.

మధ్యలో ఎక్కడో పంపు చప్పుడు మారుతుంది. అప్పటిదాకా గరగరమని సాగిన మోత ఒక్కసారిగా సన్నబడి బిగుసుకుంటుంది, వాక్యూమ్ మీటరు ముల్లు పైకి పోతుంది, పైపు పాములా కొట్టుకోవడం ఆపి బిర్రబిగుస్తుంది. పైపు పట్టుకున్న మనిషి వాల్వు మూసి, పైపును చేతుల మీదుగా పైకి లాగి, మూతి దగ్గర కొక్కెంతో తవ్వుతాడు. బయటికి వచ్చేది చాలాసార్లు నీళ్లు పీల్చి దిండులా ఉబ్బిన చంటిపిల్లల డైపర్ గానీ శానిటరీ ప్యాడ్ గానీ. ఎవరో ఒక చేత్తో ఫ్లష్ నొక్కి మరచిపోయింది, ఇంకొకరి రెండు చేతుల్లోకి వచ్చిందన్నమాట. వీధి గుమ్మంలో నిలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది ఆ క్షణంలోనే.

డైపర్లు, ప్యాడ్లు, కండోమ్‌లు, తడి వైప్స్, గుడ్డ పేలికలు, ఇసుక, టీ పొడి, వంటనూనె, వీటిలో ఏదీ కమోడ్‌లోకి పోకూడదు. కాగితంలో చుట్టి విడిగా చెత్త బండికి ఇవ్వండి. యాసిడ్ సీసాలు బోర్లించడం, కిరోసిన్ పోయడం కూడా వద్దు. లోపలి సూక్ష్మజీవులు చచ్చి మడ్డి త్వరగా పేరుకుంటుంది. కొన్ని కలయికల్లో యాసిడ్ వల్ల విషవాయువు పెరుగుతుంది కూడా.

పనివాళ్లను దేన్ని బట్టి అంచనా వేయాలి

వాళ్ల ఒంటి వాసనను బట్టి, చొక్కా మీది మరకల్ని బట్టి అంచనా వేయడం మనకు అలవాటు. పని ఎలాంటి వాళ్లదో చెప్పే గుర్తులు వేరే ఉన్నాయి. వచ్చీ రాగానే రెండో మూత ఎక్కడని అడిగాడా? పైపు దించేముందు జాయింట్ల దగ్గర రబ్బరు వాషర్ చూసుకున్నాడా? కర్రతో కలిపేటప్పుడు ఒక అడుగు వెనక్కి, గాలికి ఎదురు కాకుండా నిలబడ్డాడా? బండి వెనక మట్టం చూపే గొట్టాన్ని మధ్య మధ్యలో చూస్తున్నాడా? పంపు మోత విని, మీటరు చూడకుండానే, పైపు గాలి లాగుతోందో మడ్డి లాగుతోందో చెప్పగలుగుతున్నాడా? వెళ్లేముందు మూతల అంచుకు సిమెంటు పూశాడా? ఇవన్నీ చేసేవాడు పనిమంతుడు. ఈ పనికి చదువు అక్కర్లేదని, ఎవడైనా చేస్తాడని అనుకునేవాళ్లు ఒక్క ట్రిప్పు పక్కన నిలబడి చూస్తే చాలు.

పిలుపు గురించి కూడా చెప్పుకోవాలి. బండి ఇంటి ముందుకు రాగానే వయసుతో సంబంధం లేకుండా "ఏరా, ఇటు రా" అనే నోళ్లు ఉన్నాయి. అదే మనిషి ఏసీ బాగు చేయడానికి వస్తే "రండి, కూర్చోండి" అవుతుంది. ఇద్దరూ యంత్రం పట్టుకుని వచ్చినవాళ్లే. పెద్దవాడైతే "అన్నా", చిన్నవాడైతే "తమ్ముడూ", పేరు అడిగితే పేరుతోనే "గారు" చేర్చి పిలవడం. మన వీధుల్లో ఆటో అతనికి ఇచ్చే మర్యాద ఇదే, కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. "పాకీ" అన్న మాట తిట్టుగా అసలు వాడకండి, పిల్లల్ని మందలించేటప్పుడు "చదువుకోకపోతే ఇదిగో ఈ పనే" అని వాళ్ల ముందు వేలు చూపించకండి. ఈ పని ఎవరూ ఎంచుకుని వచ్చింది కాదు. కోస్తాలో రెల్లి, హైదరాబాద్‌లో మెహతర్ లాంటి దళిత కులాల నెత్తిన తరాలుగా కట్టబెట్టింది. ఈ దురాచారం మీద పోరాడిన సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో పుట్టినవాడే. 2016లో ఆయనకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది.

పని ముగిసే సమయానికి బయటి కుళాయి దగ్గర సబ్బు, ఒక బకెట్ నీళ్లు, పాత తువ్వాలు సిద్ధంగా ఉంచండి. గేటు దగ్గర పైపుతో దూరం నుంచి చల్లడం కాదు, కుళాయి చూపించి వాళ్లంతట వాళ్లు కడుక్కునేలా. తాగడానికి ఇంట్లో అందరూ తాగే గ్లాసులోనే ఇవ్వండి. పాత ప్లాస్టిక్ డబ్బా వెతకడం, దోసిట్లో పోయడం వాళ్లకు అర్థం కాదనుకోవద్దు. సబ్బుతో కడిగిన గ్లాసులో ఏ జబ్బూ మిగలదు. మరుగుదొడ్డి వాడుకుంటామంటే వాడుకోనివ్వండి, దాన్ని బాగు చేయడానికి వచ్చినవాళ్లు వాళ్లే.

డబ్బు దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. మీరు ఇచ్చేది బండి యజమానికి పోతుంది, పైపు పట్టినవాడికి రోజు కూలీయే దక్కుతుంది. విడిగా ఇవ్వదలిస్తే అతని చేతికే ఇవ్వండి, నోట్లు కింద పెట్టి తీసుకోమనకండి. పని అయ్యాక బేరం మొదలుపెట్టకండి. "వాసన వస్తోంది, సరిగ్గా తీయలేదు" అని తగ్గించడం కొందరి అలవాటు. మడ్డిని కదిపాక ఒకటి రెండు రోజులు వాసన ఉంటుంది, అది పనిలో లోపం కాదు.

దిగితే ఏమవుతుంది

మడ్డిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు బుడగలుగా చిక్కుకుని ఉంటుంది. కదపనంతసేపు పైకి రాదు, కాలు పెట్టి కలియబెట్టగానే ఒక్కసారిగా లేస్తుంది. గాలి కంటే బరువు కాబట్టి అడుగునే ఉండిపోతుంది. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) దగ్గర కొద్ది నిమిషాల్లోనే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. "ఇప్పుడు వాసన తగ్గింది" అని లోపలివాడు అన్నాడంటే పరిస్థితి చేయి దాటుతోందని అర్థం. 700, 1000 పీపీఎం దగ్గర ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కుప్పకూలుతాడు, అరిచే వ్యవధి కూడా ఉండదు. మీథేన్ వేరే ముప్పు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. పాతకాలంలో బావిలోకి దీపం దించి గాలి పరీక్షించినట్టు సెప్టిక్ ట్యాంకులోకి దించితే జరిగేది అదే. పైగా దీపం వెలుగుతూ ఉన్నంత మాత్రాన విషవాయువు లేదని కాదు.

జేబురుమాలు, కొవిడ్ రోజుల మాస్కు, కొబ్బరినూనె రాసుకోవడం, సారా తాగి దిగడం, ఇవేవీ గ్యాస్‌ను ఆపవు. గాలి సిలిండర్‌తో కూడిన శ్వాస పరికరం, గ్యాస్ డిటెక్టర్, నడుముకూ భుజాలకూ బెల్టు, పైన మూడు కాళ్ల స్టాండు, లాగడానికి శిక్షణ పొందిన మనుషులు ఉంటే తప్ప దిగేది కాదు. ఏ ఇంటి ముందూ అవన్నీ ఉండవు.

ఎవరైనా లోపల పడిపోతే చేయాల్సింది ఒక్కటే, ఎవరూ దిగకూడదు. ఈ ప్రమాదాల్లో ఒకరి బదులు ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం కాపాడబోయిన అన్నో తమ్ముడో వెంటనే దిగడమే. 101కి ఫోన్ చేసి "సెప్టిక్ ట్యాంకులో మనిషి పడ్డాడు, శ్వాస పరికరాలు కావాలి" అని స్పష్టంగా చెప్పండి, తర్వాత 108. రెండు మూతలూ తెరవండి, జనాన్ని పక్కకు జరపండి. నడుముకు ముందే తాడు కట్టి ఉంటే మాత్రం పై నుంచే లాగండి. బయటికి తీశాక ట్యాంకు మూతి దగ్గర కాకుండా దూరంగా, గాలి తగిలే చోట పడుకోబెట్టండి.

చట్టం మీ గేటు దాకా వస్తుంది

"వాడే దిగుతానన్నాడు, నేను చెప్పలేదు" అన్నది చట్టం ముందు నిలవదు. చేతులతో మలాన్ని ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ఆ ఏడాది డిసెంబర్ 6 నుంచి అమల్లో ఉంది. సెప్టిక్ ట్యాంకులో రక్షణ లేకుండా మనిషితో పని చేయించడాన్ని 7వ సెక్షన్ నిషేధిస్తుంది. ఇది మున్సిపాలిటీకీ కాంట్రాక్టరుకే కాదు, ఏ వ్యక్తికైనా వర్తిస్తుంది. మొదటి నేరానికి రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, ఐదు లక్షల దాకా. బెయిల్ హక్కుగా దొరకని నేరం ఇది. దళితుడితో మలాన్ని ఎత్తే పని చేయిస్తే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా తోడవుతుంది. మురుగు కాలవల్లో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో చెప్పింది. 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలకు పెంచింది.

అపార్ట్‌మెంట్ సంఘాలు ఈ సంగతి రాతలో పెట్టుకోవాలి. బండిని పిలిచేది సెక్రటరీ, దగ్గరుండి చేయించేది వాచ్‌మన్. దాంతో "కాస్త నువ్వే దిగి చూడు" అన్న మాట చివరికి వాచ్‌మన్ మీదికి వస్తుంది. అతని పని ఏమిటో, ఏది కాదో నియామక కాగితంలోనే రాయండి. ట్యాంకు మూత తీయడం, వేయడం కూడా అతని పని కాదని ఒక వాక్యం చేర్చండి.

అంతా అయ్యాక

కింద చిందిన చోట సున్నం గానీ బ్లీచింగ్ పౌడర్ గానీ చల్లి ఊడ్చేయండి, ట్యాంకు లోపల మాత్రం వేయకండి. మూతలు వేసి అంచులకు పల్చగా సిమెంటు పూయించండి, మరీ గట్టిగా వద్దు, మళ్లీ తీయాలి. కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలి వైపు మార్కర్‌తో తేదీ, ట్రిప్పుల సంఖ్య, రెండు మూతలు ఎక్కడున్నాయో గోడ నుంచి కొలతతో సహా రాయండి. నంబరును ఫోన్‌లో "సెప్టిక్ బండి" అని కాకుండా, పైపు పట్టిన మనిషిని పేరు అడిగి ఆ పేరుతో దాచుకోండి. బండ్లు చేతులు మారుతుంటాయి, యజమానులు మారుతుంటారు. మీ ట్యాంకులో రెండో గది మూత తులసికోట కింద ఉందని గుర్తుండేది అతనికే.